నా మూత నాది కాదు

నేను ఒక జాడీని. పింగాణీ జాడీని. పైసగం గోధుమరంగు, కింది సగం మీగడరంగు. ఏడాదిలో ఎక్కువ రోజులు నా నోటికి గుడ్డ కట్టి ఉంచుతారు. అందువల్ల పొదుపుగా మాట్లాడటం నాకు అలవాటు. ఈరోజు నోటికి గుడ్డ లేదు, కడుపులో ఏమీ లేదు. పెరట్లో, ఎండలో ఆరుతున్నాను. మళ్ళీ నోరు కట్టేసేలోగా నాలుగు మాటలు చెప్పుకుంటాను.

నేను పుట్టింది దక్షిణాన ఎక్కడో ఒక బట్టీలో. సారె మీద తిప్పారో, అచ్చులో పోశారో గుర్తులేదు. వేడి ఒక్కటే గుర్తుంది. ఆ వేడి చూశాక ఆవకాయ ఘాటు నాకు పెద్ద విషయంగా అనిపించలేదు. బట్టీలోంచి బయటికి తీసేటప్పుడు నా మూత కిందపడి పగిలింది. అక్కడి పనివాడు చుట్టూ చూసి, దిక్కులేకుండా పడి ఉన్న వేరే మూత ఒకటి తెచ్చి నా మీద పెట్టాడు. అది నా కొలతకు చేసింది కాదు. ఒక పక్క ఆనితే ఇంకో పక్క లేస్తుంది. అయినా అతను దూరం నుంచి చూసి, బాగానే ఉందన్నాడు. ఈ లోకంలో చాలా జతలు ఇలాగే కుదురుతాయని తర్వాత తెలిసింది.

మొదట నన్ను అనకాపల్లిలో ఒక బెల్లం వర్తకుడు కొన్నాడు. దుకాణానికి వచ్చేవాళ్ళ గొడుగులు నాలో పెట్టించేవాడు. వానాకాలమంతా గొడుగులు కారి నాలో నీళ్ళు నిండేవి. ఎండాకాలం పని లేదు. ఆ తర్వాత ఒక హోటలు యజమాని చేతికి వచ్చాను. అతను నన్ను ఉప్పుకు పెట్టాడు. ఆ హోటల్లో సాంబారు బాగుండేది కాదు. యజమాని మాత్రం రోజూ ఉప్పునే తప్పుపట్టేవాడు. హోటలు మూసేశాక, రోడ్డు పక్క సంతలో పింగాణీ సామాను అమ్మే తోపుడుబండి మీదికి చేరాను.

అక్కడ నూకరత్నంగారు నన్ను చూశారు. వేలి కణుపుతో నా పొట్ట మీద కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నారు. గొడుగులవాడూ ఉప్పువాడూ ఇద్దరూ చెయ్యని పని అది. తర్వాత మూత పెట్టి చూశారు.

"ఊగుతోందేటి?" అని అడిగారు.

"గాలి ఆడాలి కదమ్మా. పచ్చడికి మంచిది," అన్నాడు బండివాడు.

పచ్చడికి గాలి తగలకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు. నూకరత్నంగారు నవ్వారు. ఆ అబద్ధం నచ్చే నన్ను కొన్నారని నా అనుమానం.

వాళ్ళ ఇల్లు విశాఖపట్నం శివార్లలో, మధురవాడ దాటాక, సాగరదర్శిని కాలనీలో ఉంది. ఆ కాలనీకి పేరులోనే సముద్రం ఉంది. మేడెక్కి చూసినా కనిపించదు. కనిపించేది హైవే. లారీ వెళ్ళినప్పుడల్లా వంటింటి అల్మరా కొద్దిగా అదిరేది. నా మూత టకటకమనేది. నూకరత్నంగారు ఏ పనిలో ఉన్నా అటు తిరక్కుండానే, "ఊఁ, తెలుసులే," అనేవారు. ఆవిడకి ఏం తెలుసో నాకు తెలీదు. మూతకి మాత్రం ఆ జవాబు చాలేది.

ఆవిడ భర్త కూర్మారావుగారు ఓడరేవులో క్రేను నడిపి రిటైరయ్యారు. ఎంత బరువైనా ఎత్తి, చప్పుడు లేకుండా దించడం ఆయన పని. ఇంట్లో గ్లాసు కూడా అలాగే దించేవారు. శుభ్రం ఎక్కువ. చదివేసిన పేపర్లని ఇస్త్రీ చేసినట్టు మడిచి పెట్టేవారు.

ప్రతి వేసవిలో నాలో ఆవకాయ పెట్టేవారు. నా మెడ సన్నం. నూకరత్నంగారి చెయ్యి గాజులు పైకి తోసుకుంటే మణికట్టు దాకా లోపలికి వచ్చేది, అడుగునుంచి కలిపేది. కూర్మారావుగారు ఒకసారి ముక్క కోసం తన చెయ్యి పెట్టి ఇరుక్కుపోయారు. ఎంతకీ రాలేదు. క్రేను మనిషి కదా, పక్కింటివాళ్ళని పిలవడానికి మొహమాటపడి, నన్ను చేతికి తగిలించుకునే కుర్చీలో కూర్చున్నారు. నూకరత్నంగారు బజారునుంచి వచ్చి, ఏమీ అడక్కుండా, నూనె పోసి విడిపించారు. ఆ తర్వాత ఆయన గరిటె వాడారు.

ఆవిడకి ఇంకో పట్టింపు ఉండేది. జాడీ ఖాళీ అయితే నేరుగా కడగనిచ్చేవారు కాదు. పొగలు కక్కే అన్నం నాలో వేసి, గోడలకంటిన ఊటంతా తుడిచి కలిపి, ఇంట్లో ఎవరుంటే వాళ్ళ చేతిలో తలో ముద్ద పెట్టేవారు. పోస్టుమేన్ వచ్చినా, కరెంటు మీటరు చూసే అతను వచ్చినా, చెయ్యి చాపాల్సిందే. అన్నం తగిలాకే నీళ్ళు తగలాలి అనేవారు.

కొన్నేళ్ళ తర్వాత కాలనీ పార్కులో ఆదివారం సంత మొదలైంది. మామూలు సంత కాదు. గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు: సహజ ఆహారం, చేతిపనుల వారాంతపు సంత. నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన సంతల్లో జనం బేరానికి వచ్చేవాళ్ళు. ఇక్కడికి ఫొటోలకి వస్తారు. నడకకోసమని కారులో వస్తారు. ప్లాస్టిక్ వద్దని జనపనార సంచి కొని, నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకెళ్తారు. లక్కబొమ్మల అతని దగ్గర బొమ్మ తిప్పి చూసి, ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలని అడిగిన పిల్లాడు ఉన్నాడు. వాళ్ళ నాన్న కూడా బొమ్మని అటూ ఇటూ తిప్పి వెతికాడు.

నూకరత్నంగారూ, ఆవిడ చెల్లెలు పైడికుమారీ అక్కడ ఆవకాయ బల్ల పెట్టారు. పైడికుమారిది పక్కవీధి. సీసాల్లో నింపి అమ్మడం, రుచి చూపించడానికి ఒక జాడీ బల్ల మీద ఉంచడం. ఆ జాడీ నేను కాదు, నా తర్వాత కొన్నది. చూడటానికి ఇద్దరం ఒకటే. దాని మూత దానికి సరిగ్గా సరిపోతుంది. అందుకే దానికి చెప్పుకోవడానికి కథ లేదు.

మమ్మల్ని పోల్చుకోవడానికి నూకరత్నంగారు ఒక గుర్తు పెట్టారు. నేను ఇంటి జాడీని కాబట్టి నా నోటికి ఆవిడ పాత చీర చించిన ఆకుపచ్చ గుడ్డ. సంత జాడీకి తెల్ల మల్లుగుడ్డ. గుడ్డ కట్టి, దాని మీద మూత పెట్టేవారు. సంతకి ఎన్ని సీసాలు వెళ్ళినా నాలోది ఇంటికీ, ఇంటికి వచ్చినవాళ్ళకీ.

బల్ల దగ్గర మాట్లాడే పని పైడికుమారిది. నూనె లేని ఆవకాయ ఉందా అని ఒకావిడ అడిగితే, "ఉందమ్మా, దాన్ని మామిడికాయ అంటారు," అనేది. చేత్తోనే చేశారా అని అడిగినవాళ్ళతో, "చేత్తోనే. మండింది మాత్రం కళ్ళు," అనేది. నూకరత్నంగారు పక్కన కూర్చుని సీసాలు తుడిచేవారు.

ఆ సంతకి జోగారావుగారని ఒక పెద్దమనిషి తప్పకుండా వచ్చేవారు. తాలూకాఫీసులో చేసి రిటైరయ్యారు. చేతిలో స్టీలు డబ్బా. అందులో ఇంటినుంచి తెచ్చుకున్న ఇడ్లీలు. ప్రతి పచ్చడి బల్ల దగ్గరా ఆగి, ఇడ్లీ ముక్క తుంచి, సాంపిల్ చూస్తాననేవారు. పార్కు ఒక చుట్టు తిరిగేసరికి టిఫిను అయిపోయేది. ఏదీ కొన్న పాపాన పోలేదు. "సాంపిలంటే నాలిక్కి రాసుకోడానికండీ, కడుపు నింపుకోడానికి కాదు," అని పైడికుమారి ఓసారి అనేసింది. నూకరత్నంగారు మాత్రం ఆయన రాగానే, "ఇవాళ ఇడ్లీకి ముక్క కావాలా, ఊట కావాలా?" అని అడిగేవారు. ఆయన చాలాసేపు ఆలోచించి, రెండూ అనేవారు.

పోయిన ఏడాది నాలో ఆవకాయ పెట్టిన కొన్నాళ్ళకి, వానలు మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం నూకరత్నంగారు ఆసుపత్రికి వెళ్ళారు. తిరిగి రాలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఇంట్లో ఆవిడ చేతిది మిగిలింది నాలో ఉన్న ఆవకాయ ఒక్కటే. కూర్మారావుగారికి ఆ సంగతి ఎప్పుడు తట్టిందో నాకు తెలుసు, గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయిన రోజున. అప్పటినుంచి ఆయన తినడం తగ్గించారు. మొదట ముక్క మానేసి ఊట వేసుకునేవారు. తర్వాత ఊట కూడా గరిటె చివరికి అంటినంతే. చివరికి మూత తీసి, గుడ్డ విప్పి, వాసన చూసి, మళ్ళీ కట్టేసి, ఉత్త మజ్జిగన్నం తినేవారు. చుట్టాలు భోజనానికి వస్తే ఆవకాయ లేదనేవారు. అల్మరాలోంచి ఘాటు వాళ్ళ ముక్కులకి కొడుతూనే ఉండేది. వాళ్ళు కూడా మర్యాదస్తులు. పొడి వేసుకుని తినేవాళ్ళు.

లారీ వెళ్ళినప్పుడు మూత మోగేది. జవాబు ఉండేది కాదు.

ఈ వేసవిలో పైడికుమారి ఒక్కతే ఆవకాయ పెట్టింది. అదే ఆవాలు, అదే కారం, అదే కొలతలు. సంత జాడీలోనూ సీసాల్లోనూ నింపింది. బావగారి వంటిల్లు పెద్దది కాబట్టి సరుకంతా మా అల్మరాలోనే ఉంచేవారు. కొత్త ఆవకాయ రుచి చూసిన వాళ్ళంతా బాగుంది గానీ అన్నారు. ఆ 'గానీ' తర్వాత ఎవరూ ఏమీ అనరు, సీసా కూడా కొనరు. ఒక ఆదివారం సరుకంతా ఇంటికి మోసుకొచ్చాక, బల్ల తీసేద్దామనుకుంటున్నానని ఆమె బావగారితో అంది. ఇంకొన్నాళ్ళు చూద్దామన్నారాయన.

ఆమెకి సాయం చేయాలనుకున్నారు కాబోలు, మొన్న శనివారం కూర్మారావుగారు శుభ్రం మొదలుపెట్టారు. రెండు జాడీల గుడ్డలూ విప్పారు. రెండు మూతలూ తీశారు. గుడ్డలకి నూనె మరకలు ఉన్నాయి. ఆయన ఉతికారు. ఉతికి ఊరుకోలేదు, గంజి పెట్టారు. గంజి పెట్టి ఊరుకోలేదు, ఇస్త్రీ చేశారు. ఆవకాయ జాడీ నోటికి గంజిపెట్టి ఇస్త్రీ చేసిన గుడ్డ కట్టిన మనిషి ఈ తెలుగునేల మీద ఇంకొకరు ఉండరు.

తర్వాత కట్టడం దగ్గరికి వచ్చారు. ఉతికాక ఆకుపచ్చ గుడ్డ కొంచెం కుదించుకుపోయింది. గుడ్డ రంగే మా గుర్తన్న సంగతి ఆ ధ్యాసలో మర్చిపోయి, ఏ గుడ్డ ఏ నోటికి చక్కగా వస్తుందో అని సరిపెట్టి చూశారు. తెల్లది నాకు బాగా వచ్చింది. మూతలూ అంతే. అటూ ఇటూ పెట్టి చూసి, సంత జాడీ మూత నా మీద పెడితే కదలకుండా కూర్చుంది. పుట్టాక మొదటిసారి నాకు సరిపోయే మూత దొరికింది. నేను సంతోషించాను. ఆయనా వెనక్కి నిలబడి చూసి సంతోషించారు. ఇద్దరం కలిసి చేసిన తప్పు అది.

మర్నాడు పొద్దున్న పైడికుమారి ఆటో తెచ్చింది. తెల్లగుడ్డ చూసి సంత జాడీ అనుకుని, కూర్మారావుగారు నన్ను ఒళ్ళో పెట్టుకున్నారు. గతుకుల్లో అదరకుండా రెండు చేతులతో పట్టుకున్నారు. ఇంట్లో ఎవరికీ పెట్టకుండా దాచుకున్నదాన్ని ఆయనే మోసుకుంటూ సంతకి తీసుకెళ్ళారు. నా మూత ఒక్కసారి టక్కుమని ఉంటే ఆయనకి తెలిసిపోయేది. కానీ సరిపోయే మూత చప్పుడు చెయ్యదు.

బల్ల మీద నన్ను దించి, ఆయన లక్కబొమ్మల అతని దగ్గరికి కబుర్లకి వెళ్ళారు. పైడికుమారి గుడ్డ విప్పింది. రంగు ముదిరి ఉంది. ఇన్నాళ్ళకి ఊరిందనుకుంది. తరుగు చూసి, పోయినవారం జనం బాగానే నాకారనుకుంది. చిన్న ఆకుదొన్నెల్లో తీసి పెట్టడం మొదలుపెట్టింది.

మొదట తిన్నావిడ దొన్నె అడుగుదాకా నాకింది. ఒక సీసా తీసుకుంది. రెండో ఆయన రెండు తీసుకున్నాడు. దూరంగా సబ్బుల బల్ల దగ్గర ఉన్నవాళ్ళు ఇటు వచ్చారు. 'గానీ' అన్నవాళ్ళు లేరు. దొన్నెలు అయిపోయి పక్కబల్ల నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. పైడికుమారి మొహం చూశాను. తన చెయ్యి తిరిగిందనుకుంటోంది. నాలోకి గరిటె దిగినప్పుడల్లా ఆమె మొహం విప్పారుతోంది, నా అడుగు దగ్గరవుతోంది. రెండూ చూస్తూ చెప్పలేకపోవడం ఎలా ఉంటుందో జాడీకే తెలుసు.

అప్పుడు జోగారావుగారు డబ్బా తెరుచుకుంటూ వచ్చారు. ఆమె ఉదారంగా ముక్క, ఊట రెండూ వేసింది. ఆయన ఇడ్లీ ముంచి నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆగిపోయింది. అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఇడ్లీలు ఇంకా ఉండగానే డబ్బా మూత పెట్టేశారు. అది ఆ సంతలో ఎవరూ చూడని విషయం.

"అమ్మా, ఇది మీరు చేసింది కాదు," అన్నారు. "మీ అప్పగారి చెయ్యి ఇది."

పైడికుమారి దెప్పుతున్నారనుకుని ఏదో అనబోయింది. అంతలో అనుమానం వచ్చింది. వేలితో గరిటె అంచు తుడిచి నోట్లో పెట్టుకుంది. మరుక్షణం తన అరచెయ్యి నా నోటి మీద మూసింది.

కూర్మారావుగారు రెండు టీలు పట్టుకుని వచ్చారు. ఆయన నన్ను చూడలేదు, పక్కన పడి ఉన్న గుడ్డ చూశారు. ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. టీలు బల్ల మీద పెట్టారు, ఎప్పటిలాగే చప్పుడు లేకుండా.

"నాకు తెలీలేదు బావా," అంది పైడికుమారి. "అడుగున ఇంకా ఉంది. మూసేస్తాను. ఇంటికి పట్టుకెళ్ళిపోండి."

వరసలో దొన్నె పట్టుకుని నిలబడ్డ ఒకమ్మాయికి ఇదేమీ తెలీదు. "అయిపోయిందా అంకుల్?" అని అడిగింది.

లేదు అనే మాట ఆయనకి ఈ ఏడాదిగా బాగా అలవాటు. నేను దానికోసమే ఎదురుచూశాను. ఆయన ఆ గుడ్డ తీసి, మడిచి పక్కన పెట్టారు.

"అయిపోలేదమ్మా. ఉంది," అన్నారు. తర్వాత మరదలి వైపు తిరిగారు. "మీ అప్ప ఎవరికీ లేదనలేదు కుమారీ. ఏడాదిగా లేదంటున్నది నేనే. చెయ్యి తియ్యి."

ఆమె చెయ్యి తీసింది. ఆయన నాలోకి వంగి చూశారు. మిగిలింది అందరికీ దొన్నెల్లో రాదు. వేడి అన్నం ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగారు.

ఇక్కడ చిక్కొచ్చింది. సహజ ఆహారపు సంత కదా, మొత్తం పార్కులో తెల్లన్నం మెతుకు లేదు. చిరుధాన్యాలు వండి అమ్మే తవిటమ్మ తన గిన్నె మూత తీసింది.

"తెల్లన్నం పెడితే ఈ సంతలోంచి నన్ను తరిమేస్తారు బాబూ. కొర్రన్నం ఉంది. వేడిది."

నూకరత్నంగారు ఉంటే కొర్రన్నంలో ఆవకాయ కలపడానికి ఒప్పుకునేవారు కాదు. కూర్మారావుగారు ఒక క్షణం ఆ సంగతే ఆలోచించి ఉంటారు. తర్వాత వెయ్యమన్నారు. పొగలు కక్కే కొర్రన్నం నాలో పడింది. ఆయన చొక్కా చెయ్యి మడిచి, నా మెడవైపు చూసి, ఆగారు.

"నా చెయ్యి సంగతి నీకు తెలుసు కదా. ఇక్కడ నూనె పోసి తీసేవాళ్ళు లేరు. నువ్వు కలుపు."

పైడికుమారి చెయ్యి కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుంది. గాజులు పైకి తోసుకుంది. చెయ్యి లోపలికి వచ్చింది. కణుపుల దగ్గర ఆగలేదు. మణికట్టు దాకా వచ్చి, వేళ్ళు అడుగుకి తగిలి, గోడల వెంట తిరిగాయి. ఆ కొలత నాకు తెలుసు. ఏడాదిగా ఆ కొలత చెయ్యి నాలోకి రాలేదు. గరిటె ఎక్కడికి అందదో, ఊట ఎక్కడ దాక్కుంటుందో, ఆ వేళ్ళకి ఎవరూ చెప్పలేదు. అయినా వెళ్ళాయి.

మొదటి ముద్ద జోగారావుగారి చేతిలో పెట్టింది. దొన్నెపిల్లకి, సబ్బుల బల్లవాళ్ళకి, లక్కబొమ్మల అతనికి, తవిటమ్మకి, నూనె లేని ఆవకాయ అడిగినావిడకి. ఆవిడ రెండోసారి కూడా చెయ్యి చాపింది. కూర్మారావుగారికి చివరిది. ఆయన తిని కళ్ళు తుడుచుకున్నారు. కారమన్నారు. కొర్రన్నంలో కారం ఎక్కువ తెలుస్తుంది కాబోలు.

చెయ్యి కడుక్కున్నాక పైడికుమారి సీసాలు కొన్నవాళ్ళని పిలిచింది. "మీరు తిన్నది మా అప్ప పెట్టింది. సీసాల్లో ఉన్నది నాది. ఇంకా అంత రాలేదు. వద్దనుకున్నవాళ్ళు తిరిగిచ్చేయొచ్చు," అంది. కొందరు ఇచ్చేశారు. కొందరు అటూ ఇటూ చూసి ఉంచుకున్నారు. తిరిగొచ్చిన సీసాలు ఆమె ఒక్కొక్కటే తుడిచి బల్ల మీద వరసగా పెట్టింది, మునుపు ఆవిడ తుడిచినట్టే.

జోగారావుగారు కుర్చీలోంచి లేచి, జేబు తడుముకుని, ఒక సీసా తీసుకున్నారు. పైడికుమారి ఆయనిచ్చిన నోటుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంటిదగ్గర ఇడ్లీలో తిని చెప్తాను," అన్నారాయన. "బాగుందంటాను. గానీ అనను."

నిన్నంతా నన్ను నీళ్ళలో నానబెట్టారు. ఇవాళ పొద్దున్న పైడికుమారి వచ్చి కడిగి ఎండలో పెట్టింది. చివరికోత కాయలు ఇంకా బజార్లో ఉన్నాయట. తను ఇంకోసారి ఆవకాయ పెట్టి నాలోనే నింపుతుందట. బల్ల తీసేసే మాట మళ్ళీ రాలేదు. కాయలు కొట్టే పని కూర్మారావుగారిది. ఆయన ఇప్పుడే కత్తిపీట తుడవడం మొదలుపెట్టారు. దానికి కూడా ఇస్త్రీ చేస్తారేమోనని నా భయం.

ఎండ తగ్గింది. ఆయన వచ్చి నా లోపల తడి ఉందేమో చూశారు, చేత్తో కాదు, దూరం నుంచి. ఎత్తి, లోపలికి తీసుకొచ్చి, అల్మరాలో దించారు. ఆకుపచ్చ గుడ్డ తెచ్చారు. మళ్ళీ ఉతికారు కాబోలు, నలిగి ఉంది, గంజి లేదు. ఇక నాకు మాట్లాడే వీలుండదు. గుడ్డ మీద పాత మూత పెట్టారు. ఒక పక్క ఆనింది, ఇంకో పక్క లేచింది. సరిపోయే మూత ఒకరోజు పెట్టుకున్నావు కదా, ఎలా ఉందని ఎవరైనా అడిగితే, బాగుంది గానీ, అంటాను.

హైవే మీద లారీ వెళ్ళింది. మూత టకటకమంది.

హాల్లోంచి కూర్మారావుగారు, పేపరు మడుస్తూ, ఇటు తిరక్కుండానే అన్నారు.

"ఊఁ, తెలుసులే."